ఏజెన్సీ యను మాట

పట్టణమున గ్యాసుబండ నమ్మునది ఏజెన్సీ. పత్రికలకు వార్తల నందించునది ఏజెన్సీ. అరకు, పాడేరు కొండలును ఏజెన్సీయే! మొదటి రెండింటితో మాకు తగవు లేదు. మూడవదాని పుట్టుక వినదగినది. 1839వ సంవత్సరపు చట్టము గంజాము, విశాఖపట్టణ మన్యములను సాధారణ న్యాయస్థానముల పరిధినుండి తొలగించి, గవర్నరునకు ఏజెంటైన కలెక్టరునకు వశపఱచెను. ఆంగ్లేయ ప్రభుత్వము 1947లో పోయినను ఆ యుద్యోగనామము కొండల నంటుకొని నిలిచినది. వింత యేమన, తనంత తాను కార్యము నడపుకొను శక్తి యనియు నా మాటకు ఆంగ్లమున నర్థము గలదు. భగతలకు, కోందులకు నాడు ఏ శక్తి దక్కలేదో దాని పేరే వారి నేలకు దక్కినది! మన్యమను సొంపైన మాట మనకున్నది. 2022లో ఒక జిల్లాకు పార్వతీపురం మన్యమని పేరును పెట్టిరి. అయినను పత్రికలవారు వానకాలము రాగానే ‘ఏజెన్సీ జ్వరములు’ అని వ్రాయుచునే యున్నారు. జ్వరము దోమవలన గదా వచ్చును, ఏజెంటువలన గాదే!