మర ముంగిటి నుంచి చూపు: ఫ్లాట్‌ఫర్డ్ నీటిమర, జాన్ కాన్‌స్టేబుల్ చిత్రాలు

వ్యాససంగ్రహం: ఇంగ్లండులోని సఫోక్ ప్రాంతంలో స్టవర్ నది ఒడ్డున ఉన్న ఫ్లాట్‌ఫర్డ్ నీటిమరను జాన్ కాన్‌స్టేబుల్ (1776–1837) చిత్రాలకు అందమైన నేపథ్యంగా మాత్రమే చూడడం పరిపాటి. ఆ కట్టడం పనితీరును, యాజమాన్య చరిత్రను ముందుంచుకొని ఆ చిత్రాలను మళ్లీ చదివే ప్రయత్నం ఇది. చిత్రంలోని శ్రామికుల రూపాలపై కేంద్రీకృతమైన జాన్ బ్యారెల్ విమర్శను అంగీకరిస్తూనే, చూపు మొదలయ్యే స్థలాన్ని కూడా విమర్శ పరిధిలోకి తేవాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: నీటిమర, ఫ్లాట్‌ఫర్డ్, కాన్‌స్టేబుల్, ప్రకృతిచిత్రణ, ధాన్యవ్యాపారం, దృష్టికోణం.

1. ప్రవేశిక

ఆంగ్ల కాల్పనిక సాహిత్యాన్ని బోధించే తరగతిగదుల్లోనూ, మన భావకవిత్వంపై దాని ప్రభావాన్ని చర్చించే సందర్భాల్లోనూ 'ఆంగ్ల పల్లె' అనగానే ఒక రూపం మనసులో మెదులుతుంది. లోతులేని నీటిలో నిలిచిన బండి, ఒడ్డున పాత ఇల్లు, దూరాన పచ్చిక బయలు, పైన కదిలే మబ్బులు. ఈ రూపానికి ప్రధాన ఆధారం ఒక తైలవర్ణచిత్రం. 1821లో లండన్ రాయల్ అకాడమీలో 'ప్రకృతిదృశ్యం: మధ్యాహ్నం' అనే పేరుతో ప్రదర్శితమై, తరువాత 'ది హే వెయిన్'గా స్థిరపడిన ఆ చిత్రం 1824లో పారిస్ సలోన్‌లో బంగారు పతకం పొందింది. ఇప్పుడది లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది.

ఈ చిత్రంపై వచ్చిన వ్యాఖ్యానాల్లో మబ్బుల గురించి, నీటిపై మెరిసే తెల్లని రంగుచుక్కల గురించి కొరత లేదు. దృశ్యాన్ని చూస్తున్న కన్ను ఎక్కడ నిలబడి ఉందన్న ప్రశ్నకు మాత్రం ఒక వాక్యంలో జవాబు చెప్పి ముందుకు సాగిపోతారు. ఆ కన్ను ఫ్లాట్‌ఫర్డ్ నీటిమర ముంగిట ఉంది. ఆ మర చిత్రకారుని తండ్రిది. ఈ రెండు వాక్యాల మధ్య సంబంధం ఇంకా తగినంతగా చర్చకు రాలేదని నా అభిప్రాయం.

2. కట్టడం, నీరు, యాజమాన్యం

ఫ్లాట్‌ఫర్డ్ మర ఎర్ర ఇటుక కట్టడం, పైన పెంకుల కప్పు. ప్రస్తుత భవనం 1733 నాటిది. మర, మరయజమాని ఇల్లు ఒకదానికొకటి ఆనుకొని ఉంటాయి. చిత్రకారుని తండ్రి గోల్డింగ్ కాన్‌స్టేబుల్‌కు ఇది 1764లో వారసత్వంగా వచ్చింది. ఎగువనున్న డెడమ్ మర కూడా ఆయన అధీనంలో ఉండేది. 1774లో ఆయన సమీపంలోని ఈస్ట్ బర్గోల్ట్ గ్రామంలో పెద్ద ఇల్లు కట్టుకొన్నాడు. జాన్ పుట్టింది ఆ ఇంట్లోనే. అంటే మర మీద వచ్చిన ఆదాయం మర పక్కనే నివసించవలసిన అవసరాన్ని అప్పటికే తొలగించింది.

ఆనాటి ఆంగ్ల ధాన్యపుమరల నిర్మాణ తర్కం సరళమైనది. నీటిచక్రం తిప్పిన ఇరుసు పళ్లచక్రాల ద్వారా నిలువు కంబాన్ని తిప్పుతుంది; ఆ కంబం పై అంతస్తులోని రాళ్లను తిప్పుతుంది. ధాన్యపు బస్తాలను గొలుసుతో కప్పు కిందికి చేర్చి గాదెల్లో పోస్తారు. అక్కడి నుంచి ధాన్యం తన బరువుతోనే నడిమి అంతస్తులోని రాళ్ల మధ్యకు జారి, పిండిగా మారి, అడుగు అంతస్తులోని సంచుల్లోకి దిగుతుంది. కట్టడం ఎత్తుకు కారణం అలంకారం కాదు, ఈ దిగుడు. చక్రం, రాళ్లు, గొలుసు అన్నీ ఒకే నీటిబలంతో నడుస్తాయి కనుక భవనమంతా ఒకే యంత్రం. గోడలు ఆ యంత్రానికి తొడుగు.

మన ఇళ్లలోని తిరగలి సూత్రమూ ఇదే. అడుగురాయి కదలదు, పైరాయి తిరుగుతుంది. తిరగలి ఇంటి అవసరానికి తిరిగేది. ఫ్లాట్‌ఫర్డ్ రాళ్లు మాత్రం నగరపు అంగడి కోసం తిరిగాయి. గోల్డింగ్ కూలికి పిండి పట్టే పల్లె మరవాడు కాదు, ధాన్యవర్తకుడు. పిండి సంచులు సరుకుపడవల్లో స్టవర్ నది మీదుగా మిస్ట్లీ రేవుకు చేరేవి. అక్కడ 'టెలిగ్రాఫ్' అనే ఆయన సొంత ఓడ వాటిని సముద్రమార్గాన లండన్‌కు తీసుకుపోయేది.

ఈ నది స్వేచ్ఛగా పారిన నది కూడా కాదు. 1705 నాటి చట్టం మేరకు సడ్‌బరీ నుంచి సముద్రపు పాయ వరకు దాన్ని లాకులతో పడవల రాకపోకలకు అనువుగా మార్చారు. గోదావరి డెల్టా కాలువల మీద లాకులను చూసినవారికి ఈ ఏర్పాటు వివరించనక్కరలేదు. నీటిమట్టం మారేచోట రెండు తలుపుల మధ్య పడవను నిలిపి, ఎక్కించడమో దింపడమో చేస్తారు. ఇక్కడొక సహజ వైరుధ్యం ఉంది. మర నడవాలంటే నీటిని ఎగువన నిలిపి ఉంచాలి. లాకు తెరిచిన ప్రతిసారీ నిలిపిన నీటిలో కొంత దిగువకు పోతుంది. అందుకే మరయజమానులకు, పడవల యజమానులకు పలు నదుల మీద తగవులు నడిచాయి. ఫ్లాట్‌ఫర్డ్‌లో మర, పడవలు, వాటిని నిర్మించే పొడిరేవు, అన్నీ ఒకే కుటుంబానివి. నది నిర్వహణ సంఘంలోనూ గోల్డింగ్ సభ్యుడు. వేరేచోట ఇద్దరి తగవుగా కనిపించేది ఇక్కడ ఒకే ఇంటి లెక్కల పుస్తకంలో సర్దుకుపోయింది. కాన్‌స్టేబుల్ చిత్రాల్లోని నీటి నిశ్చలతను ప్రకృతిగుణంగా వర్ణించే విమర్శకులు ఈ సర్దుబాటును కూడా లెక్కలోకి తీసుకోవాలి.

3. మరను చూపిన చిత్రాలు

పెద్దకొడుకు వ్యాపారం చేయగల స్థితిలో లేకపోవడంతో మర బాధ్యత జాన్‌కు అప్పగించాలని తండ్రి భావించాడు. జాన్ సుమారు ఏడాది మరలో పనిచేశాడు కూడా. చివరికి ఆ బాధ్యత తమ్ముడు ఏబ్రమ్‌కు దక్కింది. చిత్రకారుడు ఆ పని తెలిసినవాడనడానికి చిత్రాలే సాక్ష్యం. 1815 నాటి పడవనిర్మాణ చిత్రంలో కుటుంబపు పొడిరేవు, అందులో తయారవుతున్న పడవ, చుట్టూ పనిముట్లు ఎంత కచ్చితంగా ఉన్నాయంటే, దాన్ని సాంకేతిక పత్రంగా కూడా చదవవచ్చు. 'తెల్ల గుర్రం' (1819)లో, పడవను లాగే గుర్రాన్నే పడవలోకి ఎక్కించి ఆవలి ఒడ్డుకు దాటిస్తారు. కారణం కవితాత్మకమైనది కాదు. గుర్రం నడిచే బాట అక్కడ ఒక ఒడ్డున ఆగిపోయి రెండో ఒడ్డున మొదలవుతుంది, నడుమ వంతెన లేదు.

మర స్వయంగా కనిపించే ముఖ్యచిత్రం 'ఫ్లాట్‌ఫర్డ్ మర' (1816–17, టేట్). దీని ఉపశీర్షికలో కాన్‌స్టేబుల్ 'నౌకాయానయోగ్యమైన నది మీద ఒక దృశ్యం' అని పేర్కొన్నాడు. 'సుందరదృశ్యం' అనకుండా నదికి ఉన్న వ్యాపారయోగ్యతనే శీర్షికలో పెట్టడం గమనార్హం. ముందుభాగంలో వంతెన కింది నుంచి పోనిచ్చేందుకు పడవ తాటిని గుర్రం నుంచి విప్పుతున్నారు. మర ఎర్రని కప్పులతో దూరాన ఉంటుంది. చిత్రకారుని సంతకం నేల మీద పుల్లతో గీసినట్లు కనిపిస్తుంది.

ఈ చిత్రం పుట్టిన కాలాన్ని గమనించాలి. 1815 ధాన్యచట్టం గోధుమ ధర క్వార్టరుకు 80 షిల్లింగులకు చేరేవరకు విదేశీ గోధుమను అంగడిలోకి రానివ్వలేదు. 1816లో ఇంగ్లండుకు వేసవి సరిగా రాలేదు. ఆ మే నెలలో తూర్పు ఇంగ్లండులో కూలీలు రొట్టె ధర కోసం తిరగబడ్డారు. లిటిల్‌పోర్ట్, ఈలీ అల్లర్ల తరువాత ఐదుగురిని ఉరితీశారు. అదే మే నెలలో గోల్డింగ్ కాన్‌స్టేబుల్ మరణించాడు. ధాన్యం, పిండి, ధర అనే మాటలు ప్రాణాంతకమైన ఆ సంవత్సరంలో పిండివర్తకుని కొడుకు తండ్రి మరను నిండు వేసవి వెలుగులో చిత్రించాడు. దీన్ని కపటమనడం తొందరపాటు. తండ్రిని పోగొట్టుకొన్న కొడుకు చూపు కూడా అందులో ఉంది. అయితే అది యజమాని కుటుంబపు చూపు కూడా.

4. బ్యారెల్ విమర్శ – దాని పరిమితి

జాన్ బ్యారెల్ 1980లో ప్రచురించిన 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది ల్యాండ్‌స్కేప్' ఈ చర్చను మలుపు తిప్పింది. కాన్‌స్టేబుల్ చిత్రాల్లో శ్రామికులు చిన్నవారై, ముఖాలు తెలియకుండా, ప్రకృతిలో కలిసిపోయి ఉంటారనీ, వారి శ్రమ సామరస్యంగా కనిపించాలంటే ఆ దూరం తప్పనిసరైందనీ ఆయన వాదించాడు. 'హే వెయిన్'లో కుడివైపు దూరాన ఉన్న గడ్డికోత కూలీలను చూస్తే ఈ వాదన కాదనలేనిది. కేవలం సౌందర్యదృష్టితో సాగిన పూర్వవిమర్శను అది నిద్రలేపింది. తరువాత మైకేల్ రోసెంథాల్ (1983), ఆన్ బెర్మింగమ్ (1986) వ్యవసాయచరిత్రతోను, వర్గభావజాలంతోను ఈ చర్చను విస్తరించారు.

అయితే బ్యారెల్ దృష్టి మనుషుల బొమ్మల మీదే ఎక్కువగా నిలిచింది. దూరం అనేది ఇద్దరి మధ్య ఉంటుంది. కూలీలు దూరంగా ఉన్నారంటే ఎవరికి దూరం? ఈ ప్రశ్న వేయగానే కట్టడం చర్చలోకి వస్తుంది. 'హే వెయిన్'లో ఎడమవైపు కనిపించేది విల్లీ లాట్ అనే రైతు ఇల్లు. బండి నిలిచినది మరమడుగు. చిత్రానికి మర విషయం కాలేదు, ఆసనమైంది. అదే ముంగిటి నుంచి చూసిన 'మరకాలువ' (సుమారు 1814) చిత్రాన్ని పక్కన పెడితే, ఆ చోటు యాదృచ్ఛికంగా దొరికినది కాదని తెలుస్తుంది. ఆ మడుగు, ఆ నీటిమట్టం, ఆ ఒడ్డు మర కోసం ఏర్పడినవి. వాటిని అలా నిలిపి ఉంచిన కట్టడం మాత్రం ప్రేక్షకుని వీపు వెనుక ఉండిపోయింది.

మరో వివరం. 'హే వెయిన్'ను కాన్‌స్టేబుల్ లండన్‌లో ఉండి చిత్రించాడు. బండి ఆకృతి సరిగా గుర్తులేక ఊరికి కబురు పంపితే, ఏబ్రమ్ పురమాయింపు మీద చిన్న డన్‌థోర్న్ దాని రేఖాచిత్రం గీసి పంపాడు. అంటే 1821 నాటికి మర నడిపేది తమ్ముడు, బొమ్మ గీసేది అన్న. ఇద్దరి సరుకూ లండన్ అంగడికే చేరింది. ఈ పోలిక కటువుగా తోచవచ్చు. కానీ ఆ ఏడాది అక్టోబరులో మిత్రుడు జాన్ ఫిషర్‌కు రాసిన లేఖలో, తనను చిత్రకారుణ్ణి చేసినవాటిగా మరకట్టల నుంచి జారే నీటి చప్పుడును, పుచ్చిన చెక్కలను, పాచిపట్టిన గుంజలను, ఇటుకపనిని ఆయనే పేర్కొన్నాడు. వాటిలో చాలావరకు తండ్రి ఆస్తికి చెందినవే.

ఆంగ్ల ధాన్య అల్లర్లపై ఇ.పి. థాంప్సన్ 1971లో రాసిన ప్రసిద్ధ వ్యాసం ఇక్కడ ఉపకరిస్తుంది. జనసామాన్యం దృష్టిలో ధాన్యాన్ని దాచి, దూరపు అంగడికి తరలించేవారిలో మరవాడు ముఖ్యుడు. ధాన్యం కొరవడినప్పుడు జనం పడవలను ఆపేవారు, మరల మీద పడేవారు. ఆ జనం వైపు నుంచి ఫ్లాట్‌ఫర్డ్‌ను గీసి ఉంటే మర వెనుక ఉండదు, ఎదురుగా ఉంటుంది. బ్యారెల్ వాదనకు నేను చేర్చదలచినది ఇంతే.

5. నేటి ఫ్లాట్‌ఫర్డ్

మర ఇప్పుడు పిండి పట్టడం లేదు. 1943లో నేషనల్ ట్రస్టు చేతికి వచ్చి, 1946 నుంచి క్షేత్ర అధ్యయన కేంద్రంగా నడుస్తోంది. విద్యార్థులు అక్కడ బస చేసి నదీజీవులను, మొక్కలను పరిశీలిస్తారు. పూడిపోయిన పొడిరేవును తరువాత తవ్వి పునరుద్ధరించారు. అందుకు 1815 నాటి చిత్రం ఎంత విలువైన ఆధారమో ఊహించవచ్చు. 1980లో పీటర్ కెన్నార్డ్ 'హే వెయిన్' బండి మీద క్రూయిజ్ క్షిపణులను అతికించి అణ్వాయుధ వ్యతిరేక చిత్రాన్ని రూపొందించాడు. ఆ వ్యంగ్యం పేలడానికి, ఆ బండి అన్ని తగవులకూ అతీతమైనదన్న నమ్మకం చూసేవారిలో బలంగా ఉండాలి. అలాంటి నమ్మకం ఉండబట్టే అది పేలింది.

చిత్రంలోని దృశ్యాన్ని ఫొటో తీసుకోవడానికి వచ్చే యాత్రికులు నేటికీ మర ముందరే నిలబడతారు. విల్లీ లాట్ ఇల్లు సరిగ్గా చట్రంలో ఇమడాలంటే మరకు వీపు పెట్టక తప్పదు.