గాజుల పక్కన బ్యాండు

విజయవాడ సత్యనారాయణపురంలో మూడో అంతస్తు వంటిల్లు. పొద్దున ఏడున్నర. ఈ కాలమ్ రాసే మనిషి కాఫీ గ్లాసుతో గడప దగ్గర నిలబడి చూస్తుంటే, అరవై నాలుగేళ్ల పిన్ని చపాతీలు ఒత్తుతోంది. ఎడమ చేతికి గాజులు, గాజులకి పైన డల్లాస్ నుంచి కొడుకు తెచ్చిచ్చిన నల్లటి బ్యాండు. కర్ర ముందుకీ వెనక్కీ ఆడుతోంది, గాజులు గలగలమంటున్నాయి, బ్యాండు మీద అంకె పెరుగుతోంది. మొదటి ఉండ పీట మీద పెట్టినప్పుడు 412. పన్నెండో చపాతీ పెనం మీద పడేసరికి 530. పిన్ని పొయ్యి ముందు నుంచి అడుగు కదపలేదు.

ఆ సాయంత్రమే సూపర్‌మార్కెట్‌లో అరగంట సేపు ట్రాలీ తోసుకుంటూ తిరిగింది. బ్యాండు అందులో చాలా అడుగుల్ని వదిలేసింది.

లోపల గింజంత చిప్పు ఒకటుంటుంది. అది మూడు దిక్కుల్లో కదలికను కొలుస్తుంది. నడిచే మనిషి చెయ్యి ఏ లయలో ఊగుతుందో సాఫ్ట్‌వేర్‌కి తెలుసు. ఆ లయ దొరికితే అడుగు పడినట్టు రాసుకుంటుంది. దానికి తెలిసింది మణికట్టు, పాదం కాదు. రెండు చేతులతో ట్రాలీ పట్టుకుంటే మణికట్టు ఊగదు. అప్పడాల కర్ర పట్టుకుంటే ఊగుతుంది. అలాగని పరికరాన్ని అవతల పారేయక్కర్లేదు. అదే చెయ్యి, అదే వంటిల్లు, అవే పనులు కాబట్టి తప్పు కూడా రోజూ ఇంచుమించు ఒకేలా పడుతుంది. నిన్నటి అంకెతో ఇవాళ్టి అంకెను పోల్చుకోవడానికి అది పనికొస్తుంది. పక్కింటావిడ అంకెతో పోల్చుకోవడానికి పనికిరాదు.

పిన్నిని కుంగదీసింది ఈ పొరపాట్లు కావు, పదివేలన్న గురి. మొదటి వారం రోజుకి సగటున 2,600 అడుగులు వచ్చాయి. రాత్రి పడుకోబోయే ముందు చూసుకుంటే తెర మీది వలయం పావు వంతు నిండి ఉండేది. "ఇది మా వయసు వాళ్లకి కాదురా" అని వీడియో కాల్‌లో కొడుక్కి చెప్పేసి, తొమ్మిదో రోజున బ్యాండు తీసి టీవీ కింద సొరుగులో పడేసింది.

ఆ పదివేలు ఏ వైద్యుడూ పరీక్షలు చేసి తేల్చిన అంకె కాదు. 1964లో టోక్యో ఒలింపిక్స్ జరిగాయి. ఆ మరుసటి ఏడాది యమాసా అనే జపాన్ కంపెనీ నడుముకి తగిలించుకునే అడుగుల మీటరును అమ్మకానికి పెట్టింది. పేరు 'మాన్పో-కెయి'. మాన్ అంటే పదివేలు, పో అంటే అడుగు, కెయి అంటే మీటరు. గుండ్రటి అంకె, సులువుగా గుర్తుండే పేరు. అరవై ఏళ్లు గడిచాక ఆ అంకె వచ్చి సత్యనారాయణపురంలో ఒక పెద్దావిడ చేతి మీద కూర్చుంది.

పిన్ని లాంటి వాళ్లకి కావలసిన అంకెలు వేరే చోట ఉన్నాయి. హార్వర్డ్‌కి చెందిన ఐ-మిన్ లీ బృందం 2019లో 16,741 మంది అమెరికన్ మహిళల నడక లెక్కలు ప్రచురించింది. వాళ్ల సగటు వయసు 72. రోజుకి 2,700 అడుగులు వేసేవాళ్లతో పోలిస్తే 4,400 వేసేవాళ్లలో, అధ్యయనం సాగిన ఏళ్లలో మరణాలు 41 శాతం తక్కువ. 7,500 దాటాక అదనపు లాభమేమీ కనిపించలేదు. ఎక్కువ నడిచేవాళ్లు మొదటినుంచీ ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కావచ్చు, కాబట్టి ఆ 41 శాతాన్నీ నడక ఖాతాలోనే రాసేయకూడదు. కానీ 2,700కీ 4,400కీ మధ్య దూరం ఎంతని చూడండి. 1,700 అడుగులు, అంటే ఇరవై నిమిషాల లోపు నడక. ఇలాంటి పరికరాల మీద వచ్చిన సమీక్షలన్నిటినీ కలిపి 2022లో లాన్సెట్ డిజిటల్ హెల్త్ పత్రిక ఒక పరిశీలన ప్రచురించింది. బ్యాండు పెట్టుకున్నవాళ్లు సగటున రోజుకి ఎక్కువ వేసిన అడుగులు దాదాపు 1,800. తక్కువ నడిచే మనిషికి అవసరమైనదీ, బ్యాండుకి చేతనైనదీ ఇంచుమించు ఒక్కటే! పదివేల గురి ఆ మనిషినే మొదట బెదరగొడుతోంది.

కొడుకు ఈ సంగతి తెలుసుకుని డల్లాస్‌లో కూర్చునే యాప్‌లో గురి మార్చాడు. "అమ్మా, పదివేలు తీసేశాను. ఇక నుంచి నీకు మూడువేల మూడొందలు. ఈ నెలకి అంతే." పిన్ని సొరుగు తెరిచింది.

ఆడవాళ్ల విషయంలో బ్యాండుకి ఇంకో విలువ ఉంది. చీరకి జేబు లేదు. మగవాళ్ల ఫోను జేబులో ఉండి వాళ్లతో పాటే నడుస్తుంది; ఆడవాళ్ల ఫోను ఫ్రిజ్ మీదో, చార్జింగులోనో ఉంటుంది. వాళ్ల నడకకి లెక్కే ఉండదు. మణికట్టు మాత్రం ఎక్కడికైనా వెంట వస్తుంది. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక ఇచ్చిన అంచనా ప్రకారం, 2022 నాటికి మన దేశంలో తగినంత శారీరక శ్రమ లేని పెద్దవాళ్లు మగవాళ్లలో 42 శాతం, ఆడవాళ్లలో 57 శాతం. తెల్లారిన దగ్గర్నుంచీ నడుం వాల్చకుండా పనిచేసే ఆడవాళ్లు ఈ మాట విని నొచ్చుకుంటారు. నొచ్చుకోవడంలో న్యాయముంది. ఆ అలసట నిజం. కానీ నిలబడి చేసే పని గుండెకి వేగమివ్వదు. పిన్నికి ఆ తేడా మాటలతో ఎవరూ నచ్చజెప్పలేకపోయారు. సాయంత్రానికి 1,900 దగ్గర ఆగిపోయిన అంకె చెప్పగలిగింది.

చేతికి తొడిగినంత మాత్రాన పని జరగదు. సింగపూర్‌లో 13 సంస్థల నుంచి 800 మంది ఉద్యోగులతో చేసిన ప్రయోగం 2016లో వెలువడింది. ట్రాకర్ మాత్రమే ఇచ్చిన వర్గంలో ఏడాది తిరిగేసరికి దాన్ని ఇంకా వాడుతున్నది పదో వంతు మందే. 2007లో అమెరికా వైద్య పత్రిక జామా 26 పెడోమీటర్ అధ్యయనాలను కలిపి చూపించింది: నడక దాదాపు 27 శాతం పెరిగింది, అందుకు గురి పెట్టుకోవడం కీలకమైంది.

ఒక హెచ్చరిక. సూది గుచ్చకుండా రక్తంలో సుగర్ చెబుతామనే వాచీలు, ఉంగరాలు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. అలాంటి దేనికీ తాము అనుమతి ఇవ్వలేదని, వాడొద్దని అమెరికా ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో ప్రకటించింది. ఆ అంకె చూసి మాత్ర మోతాదు మార్చుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఇంట్లో సుగర్ ఉన్న పెద్దవాళ్లుంటే ఈ మాట ఇవాళే చెప్పండి.

పిన్ని వంటింటి గోడ మీద తెలుగు క్యాలెండరు వేలాడుతుంది. పాలు ఎక్కువ పోయించుకున్న రోజులు, గ్యాస్ బండ మార్చిన తేదీ, పనిమనిషి రాని రోజులు అన్నీ అందులోనే. ఇప్పుడు ఒక్కో గడిలో కింద మూలన నీలం పెన్నుతో ఇంకో అంకె: 3,120, 3,410, ఏకాదశి నాడు 2,980, ఆ తర్వాత 3,640. రాత్రి భోజనమయ్యాక డాబా ఎక్కి వాటర్ ట్యాంకు చుట్టూ తిరుగుతోంది. రెండో అంతస్తు కోడలు కూడా పసివాణ్ని నిద్రపుచ్చి పైకొస్తోంది.

చపాతీలు ఒత్తే ముందు పిన్ని బ్యాండు తీసి పోపుల డబ్బా మీద పెడుతోంది. ఎందుకని అడిగితే, "వెయ్యని అడుగులు రాసుకుంటే ఎలా?" అంది. ఆఖరి చపాతీ కాల్చి, చేతులు కడుక్కుని, పమిటతో తుడుచుకుని, బ్యాండు మళ్లీ గాజులకి పైన బిగించుకుంది.