మిసెస్ టర్పిన్ చూసిన ఊరేగింపు

"నువ్వు చదివే కథల్లో దేవుడెక్కడమ్మా?" అని మా సంఘపెద్దలు అడుగుతుంటారు. సాహిత్య సభల్లోనేమో, ఆదివారం చర్చికెళ్ళే మనిషికి విమర్శ దృష్టి ఎక్కణ్ణుంచి వస్తుందని అనుమానం.

ఇద్దరికీ నేను చూపించేది ఫ్లానరీ ఓకానర్ (1925-64)ని. అమెరికాలోని జార్జియాలో, ప్రొటెస్టెంట్ల మధ్య బతికిన కాథలిక్. 1964లో వచ్చిన ఆమె కథ 'రెవెలేషన్' చూడండి. నిద్రపట్టని రాత్రుల్లో మిసెస్ టర్పిన్ మనుషుల్ని వరసలుగా పేరుస్తుంది. అడుగున నల్లవాళ్ళు, వాళ్ళకి కాస్త ఎడంగా పేద తెల్లవాళ్ళు, పైన ఇల్లున్నవాళ్ళు, ఆపైన ఇల్లూ భూమీ ఉన్న తనలాంటివాళ్ళు. ఈ వరస మనకెవరూ విడమరచి చెప్పక్కర్లేదు! డాక్టరు దగ్గర కూచునుండగా ఒక అమ్మాయి విసిరిన పుస్తకం ఆమె ముఖానికి తగులుతుంది. ఆ సాయంత్రం పందులదొడ్డి దగ్గర దేవుణ్ణి నిలదీస్తుంది. అప్పుడు ఆకాశంలో ఊరేగింపు కనిపిస్తుంది. ముందు నడిచేది ఆమె తక్కువ చేసినవాళ్ళే. మర్యాదస్తులు చిట్టచివర, వాళ్ళ సుగుణాలు సైతం కాలిపోతూ. ఓకానర్ విశ్వాసమంతా ఆ వరస తిరగబడడంలోనే ఉంది. విడిగా నీతి చెప్పాల్సిన పని ఆమెకి పడలేదు.

అయితే 1959లో జేమ్స్ బాల్డ్విన్‌ని జార్జియాలో కలవలేనని స్నేహితురాలికి ఉత్తరం రాసిందీ ఈవిడే. ఊళ్ళో గొడవవుతుందట. తను బతికే సమాజపు కట్టుబాట్లు తను పాటిస్తుందట. కాలం అలాంటిదని సరిపెట్టేవాళ్ళున్నారు. బాల్డ్విన్‌దీ అదే కాలం. 'రెవెలేషన్' పాఠం చెప్పినప్పుడల్లా ఆ ఉత్తరాన్ని కూడా నేను విద్యార్థుల ముందు పెడతాను.