కుక్కతో అడవికి పోయినవాళ్లు

మన సాహిత్యంలో కుక్కకి మంచి పేరు లేదు. తిట్టాలంటే కుక్క, నీతి చెప్పాలంటే కుక్క, మారని బుద్ధికి ఉపమానం కావాలంటే దాని తోక. ఇంటికి కాపలా కాసినందుకు మనవాళ్లు దానికిచ్చిన జీతం ఇదీ! అడవిదారిలో దాని వెంట నడిచి, అది ఎక్కడ ఆగింది, దేనికి చెవులు రిక్కించింది అని ఓపిగ్గా రాసినవాళ్లు తక్కువ. అలాంటి పుస్తకాలంటే నాకు మహా ఇష్టం. ఇష్టం కాబట్టే వాటికో చిన్న పరీక్ష పెడుతుంటాను. చివరిదాకా కుక్క కుక్కగానే మిగిలిందా, లేక రచయితగారు తన మొహం చూసుకోవడానికి అద్దమైపోయిందా?

పెద్దవాళ్లని ముందు పిలవడం మర్యాద కనక మహాభారతంతోనే మొదలుపెడదాం. మహాప్రస్థానిక పర్వంలో పాండవులు అయిదుగురూ, ద్రౌపదీ రాజ్యం వదిలి బయల్దేరితే ఏడో ప్రాణిగా ఓ కుక్క వెంటపడుతుంది. హిమాలయం దాటాక ద్రౌపది పడిపోయింది. తమ్ముళ్లు ఒక్కొక్కరే పడిపోయారు. ధర్మరాజు వెనుదిరగలేదు. కుక్క మాత్రం వస్తూనే ఉంది. ఇంద్రుడు రథం తెచ్చి, కుక్కకి స్వర్గంలో చోటు లేదన్నాడు. నమ్మి వెంట వచ్చినదాన్ని వదిలేసి నేను రానన్నాడు ధర్మరాజు. కుక్క తరఫున ఇంత గొప్ప వకాల్తా నేనింకెక్కడా చదవలేదు. అయితే ఆ మరుక్షణం ఏమైంది? కుక్క కాస్తా యమధర్మరాజుగా మారిపోయింది. దిక్కులేని కుక్క కోసం ఆయన స్వర్గాన్నే కాదన్నాడని మనం కళ్లు తుడుచుకుంటూ ఉండగా, తీరా చూస్తే అది వాళ్ల నాన్నగారు! ధర్మరాజు పరీక్షలో నెగ్గాడు. కుక్క మాత్రం కథలోంచి మాయమైంది.

ఇక అమెరికా రచయిత జాన్ స్టైన్‌బెక్. ఆయన ఛార్లీ అనే పూడిల్ కుక్కని వెంటబెట్టుకుని 1960లో ట్రక్కులో దేశమంతా తిరిగి, 1962లో ‘ట్రావెల్స్ విత్ ఛార్లీ’ ప్రచురించాడు. అందులో రెడ్‌వుడ్ అడవి ఘట్టం ఒకటుంది. ఆ చెట్లలో మూడువందల అడుగులు మించి పెరిగేవి ఉన్నాయి, రెండువేల ఏళ్లు దాటినవీ ఉన్నాయి. వాటిని చూసి రచయితకి నోట మాట రాలేదు. చెట్టు కనబడితే కాలెత్తడం కుక్క ధర్మం కదా, ఇంతటి మహావృక్షానికి ఛార్లీ ఏ స్థాయిలో గౌరవం చేస్తుందో చూద్దామనుకున్నాడు. ఛార్లీ దాన్ని చెట్టుగానే లెక్కచెయ్యలేదు. చివరికి ఆయనే ఓ విల్లో కొమ్మ నరికి తెచ్చి ఆ మానుకి ఆనించి పాతితే, అప్పుడు వాసన చూసి తన మర్యాద తాను చెల్లించింది.

నవ్వొస్తుంది, నిజమే. కానీ నవ్వి వదిలేసే సంగతి కాదిది. మనిషి అడవిని కంటితో చూస్తాడు, కుక్క ముక్కుతో చదువుతుంది. మనిషి ముక్కులో వాసన పట్టే గ్రాహకాలు సుమారు 60 లక్షలైతే, కుక్క ముక్కులో జాతిని బట్టి 30 కోట్ల దాకా ఉంటాయని చెబుతుంటారు. అంటే ఒకే దారిన పోతున్నా ఇద్దరివీ రెండు అడవులు. స్టైన్‌బెక్ తన అడవిని ఛార్లీ చేత ఒప్పించాలని చూశాడే గాని ఛార్లీ అడవిలోకి తాను తొంగిచూడలేదు. పుస్తకం పొడుగునా కుక్కతో కబుర్లు చెబుతాడు. బదులు కూడా తనే చెబుతాడు.

నా పరీక్షలో నెగ్గింది జిమ్ కార్బెట్. 1944లో వచ్చిన ‘మాన్ ఈటర్స్ ఆఫ్ కుమావూన్’లో పులుల కథలే అందరూ చెప్పుకుంటారు. నా మటుకు నాకు ‘రాబిన్’ అనే అధ్యాయం ముందు. ఒక ఈతలోని పిల్లలన్నిట్లోకీ బక్కచిక్కిన స్పానియల్ పిల్లని ఆయన పదిహేను రూపాయలకి కొన్నాడు. పించా అన్న పేరు తీసేసి రాబిన్ అని పెట్టుకున్నాడు. అడవిలో రాబిన్ ముందు, తుపాకితో ఆయన వెనక. అది తలెత్తి గాలి పసిగడితే ఆయన ఆగుతాడు. అంత పేరుమోసిన వేటగాడు కుక్క ముక్కుని నమ్మి శిష్యుడిలా నడుస్తాడు.

ఒకసారి దెబ్బతిన్న చిరుత గర్జనకి రాబిన్ హడలిపోయి పారిపోయింది. ఇంకో రచయితైతే ఈ ముక్క మింగేసేవాడు. కార్బెట్ దాచలేదు, కుక్కని తప్పుపట్టనూ లేదు. కాసేపటికి అదే తిరిగొచ్చింది. భయపడింది, పారిపోయింది, మళ్లీ వచ్చింది. ఇందులో అది దేవుడూ కాలేదు, నీతిపాఠమూ కాలేదు. విశ్వాసం అనే మాటకి నాకు అర్థం దొరికింది ఇక్కడే. ఏమాటకామాటే చెప్పుకోవాలి, దాని మనసులో సిగ్గు, బాధ తనకు తెలిసినట్టే రాసే అలవాటు కార్బెట్‌కీ ఉంది. అయినా ఆయన చూసి రాసింది, ఊహించి రాసినదానికంటే చాలా ఎక్కువ.

ఇప్పుడు కార్బెట్ పేరున్న పులుల అభయారణ్యంలోకి పెంపుడు కుక్కల్ని రానివ్వరు. ఇదేం న్యాయమండీ అనిపిస్తుంది గాని న్యాయమే. 2018లో గిర్ అడవిలో, కుక్కల్లో తరచు కనిపించే డిస్టెంపర్ జబ్బు సోకి సింహాలు చనిపోయాయి. కుక్కని కుక్కగా చూడడమంటే దాని ముక్కుతో పాటు దాని రోగాన్నీ లెక్కలోకి తీసుకోవడమే.

అంచేత ఆ అడవిలో కుక్క వెనక నడవాలని ఉంటే ఈ అధ్యాయం తీసి చదవండి. మీ ఇంట్లో కుక్క ఉంటే దానికీ వినిపించండి. అది వినదనుకోండి. పుస్తకాన్ని ఓసారి వాసన చూసి పడుకుంటుంది.