కింద బండ, పైన సున్నం

చిన్న హాలుకు తెలుపు, బూడిదరంగు వేయించుకోవాలన్న ముచ్చట వరంగల్, హన్మకొండ ఇళ్ళలోనూ ఇప్పుడు బాగా కనబడుతోంది. ఈ రెండు రంగులతో నాకు పేచీ లేదు. ఇరుకు గదికి ఇంతకన్నా నెమ్మదైన జంట దొరకదు. పేచీ అంతా వాటిని పెడుతున్న చోటుతోనే. నేల మీద అద్దంలా మెరిసే తెల్ల టైల్స్ పరిచి, గోడలకు బూడిదరంగు ఎక్కిస్తున్నాం. టీవీ వెనక గోడకైతే మరింత ముదురు గ్రే. కావలసింది దీనికి సరిగ్గా తలకిందులు. బూడిదరంగు కాళ్ళ కింద ఉండాలి, తెలుపు గోడలకూ కప్పుకూ ఉండాలి. చిన్న హాలు విశాలంగా, చల్లగా అనిపించేది అప్పుడే.

ఇది కేటలాగుల్లోంచి దిగిన కొత్త పోకడ అనుకుంటాం గానీ, తెలంగాణ పాత ఇళ్ళు ఎన్నో ఈ రెండు రంగుల్లోనే ఉండేవి. కింద తాండూరు బండలో షాబాదు బండలో, గోడలకు సున్నం. ఇంకాస్త దగ్గరగా చూస్తే ఈ రెండూ ఒక్క జాతివే. ఆ బండలు సున్నపురాయి. సున్నపురాయిని బట్టీలో దాదాపు 900 డిగ్రీల వేడికి కాలిస్తే అందులోని కార్బన్ డయాక్సైడ్ వెళ్ళిపోయి పొడిసున్నం మిగులుతుంది. నీళ్ళు పోస్తే అది కుతకుతా ఉడికి తడిసున్నం అవుతుంది. రాలకుండా కాస్త బంక, తెలుపు తేటగా కనబడేందుకు చిటికెడు నీలిమందు కలిపి గోడకు పూస్తారు. పూసిన సున్నం పోగొట్టుకున్న ఆ వాయువును గాలిలోంచి మళ్ళీ పీల్చుకుని మెల్లగా గట్టిపడుతుంది, తిరిగి సున్నపురాయిగా మారుతుంది. అంటే కింద పరిచింది రాయి, గోడ మీద ఆరింది కాలి, నాని, మళ్ళీ రాయైన రాయి. ఏది కింద, ఏది పైన అన్నది మన మేస్త్రీలు ఏనాడో తేల్చిపెట్టారు. నేలకు అరుగుదలను ఓర్చుకునే బండ, గోడకు వెలుతురును పంచే సున్నం.

అలవాటు గనక మంచిదనడం వాదన కాదు కాబట్టి లెక్క చూద్దాం. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు ఉన్న హాలు అనుకోండి. నేల 120 చదరపు అడుగులు, కప్పు మరో 120. తలుపులు, కిటికీలు తీసేయకుండా లెక్కేస్తే నాలుగు గోడలు కలిసి 440. మొత్తం 680లో దాదాపు మూడింట రెండు వంతులు గోడలవే. మంచి తెల్ల రంగు తన మీద పడిన వెలుతురులో ఇంచుమించు 80 శాతం తిరిగి గదిలోకి పంపుతుంది. ఫొటోగ్రాఫర్లు కొలతకు వాడే గ్రే కార్డు పంపేది 18 శాతమే. గోడల బూడిదరంగు ఆ కార్డుకు దగ్గరపడే కొద్దీ గదిలోని వెలుతురుకు అంత గండి పడుతుంది. ఒకే కిటికీ ఉన్న హాలు ఆ నష్టాన్ని తట్టుకోలేదు. పట్టపగలే ట్యూబులైటు వేసుకోవలసి వస్తుంది. అదే బూడిదరంగు నేలకు పరిమితమైతే, నష్టపోయేది ఆరో వంతుకు కాస్త ఎక్కువ భాగంలోనే.

టీవీ వెనక ఒక్క గోడకే గ్రే వేస్తే అది కూడా 120 చదరపు అడుగులే కదా, నేలతో సమానమే కదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. బూడిదరంగు నేల కూడా కొంత వెలుతురును మింగుతుందన్న మాటా నిజమే. కానీ చూపు నిలిచే చోటు వేరు, అడుగు పడే చోటు వేరు. కూర్చున్న మనిషికి ఎదురుగా ఉండేది గోడ. అది ముదురైతే ముందుకు జరిగినట్టు ఉండి గది కుదించుకుపోతుంది. నేల కాళ్ళ కింద ఉంటుంది కాబట్టి ముదురుగా ఉన్నా మీదికి రాదు. పైగా వరంగల్ ఎండాకాలంలో నేల మీద మనకు కరువైంది వెలుతురు కాదు, కంటికి నెమ్మది. కిటికీలోంచి పడ్డ ఎండ తెల్ల టైలు మీద తళుక్కుమని నేరుగా కళ్ళలోకి కొడుతుంది. పాలిష్ లేని బండ మీద అదే ఎండ మెత్తగా పరుచుకుంటుంది. దుమ్ము, రాలిన వెంట్రుక, తడి కాలి ముద్ర తెల్ల టైలు మీద కనబడినంతగా బండ మీద కనబడవు. రోజూ ఇల్లు ఊడ్చే మనిషికి ఇది చిన్న ఊరట కాదు.

రెండే రంగులైతే గది బోసిపోదా అన్నది మరో సందేహం. దీనికి జవాబు హన్మకొండ వేయి స్తంభాల గుడిలో ఉంది. కాకతీయ రాజు రుద్రదేవుడు 1163లో కట్టించిన ఆ గుడికి రంగుల ఆసరా లేదు. ఉన్నదంతా బూడిద, నలుపు ఛాయల రాయే. అయినా చూపు అలసిపోదు. మోటుగా చెక్కిన చోట రాయి వెలుతురును మింగుతుంది, నునుపు తేలిన స్తంభం మీద అదే వెలుతురు జారుతుంది, సన్నని చెక్కడంలో నీడలు నిలుస్తాయి. రంగు చేయాల్సిన పనిని అక్కడ పనితనం చేసింది. మన హాలుకూ అదే సూత్రం. అన్నీ నున్నగా, అన్నీ మెరుస్తూ ఉంటే గది ఆసుపత్రి వరండాలా ఉంటుంది. గరుకు బండ, మెత్తని సున్నపు గోడ, ముతక నేత పరదా పక్కపక్కన ఉంటే ఆ రెండు రంగుల్లోనే ఎన్నో ఛాయలు పలుకుతాయి.

తెల్ల గోడ మాసిపోతుందన్నది అందరూ చెప్పే అభ్యంతరం. పిల్లల చేతులు, ఆనుకున్న తలల నూనె మరకలు నిజమే. దీనికీ పాత ఇళ్ళు దారి చూపాయి. గోడ అడుగున ఎర్రటి జాజు పట్టీ వేసి, పైన సున్నం వేసేవారు. ఆ పట్టీని బూడిదరంగులో, కుర్చీ వీపు ఎత్తు దాకా వేయించుకుంటే మరకలు దాని మీదే పడతాయి, పైన తెలుపు తెల్లగానే ఉంటుంది. సున్నం బట్టలకు అంటుతుందనుకుంటే మెరుపు లేని తెల్ల పెయింటు వేసుకోవచ్చు. ఇక అద్దె ఇల్లు, టైల్స్ పగలగొట్టలేం అనేవారికీ వరంగల్‌లో దారి ఉంది. కొత్తవాడలో నేసే నూలు జంపఖానా తెల్ల టైలును బూడిదరంగు నేలగా మార్చేస్తుంది. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక సూచిక (జీఐ) గుర్తింపు కూడా వచ్చింది. బూడిద, తెలుపు పట్టీల జంపఖానా మన ఎండలకు కుచ్చుల తివాచీలా వేడెక్కదు, దులిపి ఆరేస్తే శుభ్రపడుతుంది, ఇల్లు మారితే చుట్టి చంకన పెట్టుకుపోవచ్చు.

చివరిది, అన్నిటికన్నా బరువైనది: తెలుపు, బూడిద కళ తప్పిన రంగులు, శుభానికి పనికిరావన్న మాట. ఈ మాట పుట్టిన భావాన్ని నేను తేలిగ్గా తీసుకోను. రంగును ప్రేమించే జాతి మనది. కానీ వాకిట్లో ముగ్గు తెలుపే. ఏ రంగు నింపినా ముందు పడేది తెల్ల గీతే, అది కనబడేది కింద నేల ముదురుగా ఉన్నందుకే. బతుకమ్మలో పేర్చే గునుగు కూడా పుట్టుకతో తెల్లనిదే. ఆ తెలుపు వల్లే మనం అద్దిన ఏ రంగైనా దానికి పడుతుంది. బూడిద, తెలుపుల హాలు కూడా అలాంటిదే. అది ఇంట్లోకి వచ్చే రంగులకు చోటిస్తుంది. గోడలే రంగులు పూసుకుని అరుస్తుంటే తంగేడు పువ్వు పసుపు ఎవరికి కనబడుతుంది? పొద్దున్నే గడపకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెడతారు. అటు బూడిదరంగు బండ, ఇటు తెల్ల గోడ, నడుమ నాలుగు వేళ్ళ వెడల్పున ఆ పసుపు. ఆ ఇంట్లో అంతకన్నా నిండైన రంగు మరొకటి ఉండదు, అది అంత నిండుగా కనబడటానికే ఆ రెండు రంగులూ తమ తమ చోట్ల ఒదిగి ఉండాలి.