బొగ్గింజనుకు బరువు తెచ్చే విద్య

వంద టన్నుల ఆవిరి ఇంజనును 87వ వంతుకు కుదించామనుకోండి. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ అదే లెక్కన తగ్గుతాయి కాబట్టి బరువు ఆరున్నర లక్షల వంతుకు పడిపోతుంది. చివరికి మిగిలేది దాదాపు 150 గ్రాములు, అంటే ఓ జామకాయంత. ఆ జామకాయంత వస్తువు తెర మీద స్టేషనులోకి వస్తుంటే, ప్లాట్‌ఫాం అంచు నుంచి ఓ అడుగు వెనక్కి వేయాలనిపించాలి. నమూనా రైల్వేలు కట్టి చిత్రీకరించేవాళ్ల పట్టుదలంతా ఇందుకే. లేని బరువును కంటికి కనిపించేలా చెయ్యడమే ఈ విద్య.

పిల్లల బొమ్మ రైలు గుండ్రంగా తిరిగితే చాలు. నమూనా రైల్వేలో అలా కుదరదు. ఆ బండి ఏ ఊరి నుంచి ఏ ఊరికి పోతోంది, ఏం సరుకు మోస్తోంది, అది ఏ కాలం, ఏ రుతువు అన్నది చూడగానే తెలియాలి.

మార్గం వేసినవాళ్లు

మొదట్లో ఈ అభిరుచి ఉన్నవాళ్ల శ్రద్ధంతా ఇంజన్ల మీదా పట్టాల మీదా ఉండేది. 1930ల చివర్లో ఇంగ్లండులో జాన్ అహెర్న్ ‘మాడర్ వ్యాలీ’ అనే ఊహాలోకాన్ని కట్టడం మొదలుపెట్టి ఆ చూపునే మార్చేశాడు. ఆయన నమూనాలో ఊళ్లున్నాయి, రేవు ఉంది, వీధులున్నాయి. రైలు వాటి మధ్య నుంచి వాటి అవసరం కోసమే నడుస్తున్నట్టు ఉంటుంది.

రాయ్ ఇంగ్లండ్ అనే ఆస్ట్రేలియా యువకుడు 1925లో బ్రిటన్ వచ్చాడు. వేల్ ఆఫ్ వైట్ హార్స్ ప్రాంతంలోని పాత గడ్డికప్పు ఇళ్లు కళ్ల ముందే మారిపోతుంటే చూడలేక, వాటిని 76వ వంతు కొలతలో ఉన్నవి ఉన్నట్టు కట్టి దాచాలనుకున్నాడు. ఆ సంకల్పమే 1954లో లాంగ్ విట్టెన్‌హామ్ గ్రామంలో పెండన్ మ్యూజియంగా నిలబడింది. అక్కడి ఇళ్లు అట్టతోనూ నీటిరంగులతోనూ చేసినవి. ఒక్కో ఇంటికి వందల గంటలు పట్టింది. అహెర్న్ మాడర్ వ్యాలీ కూడా ఇప్పుడు అక్కడే భద్రంగా ఉంది.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం మాంటెరేలో జాన్ అలెన్ ఉండేవాడు. వృత్తిరీత్యా ఫొటోగ్రాఫర్. తన ‘గోరీ అండ్ డెఫీటెడ్’ రైల్వేలో కొండలను నేల నుంచి కప్పు దాకా లేపాడు. అద్దాలు అమర్చి ఉన్న చోటును రెట్టింపు చేసి చూపించాడు. కొత్తగా మెరిసే ఇంజన్లకు మసీ తుప్పూ పట్టించి వాడాడు. 1973 జనవరిలో ఆయన చనిపోయాడు. కొద్ది రోజులకే అగ్నిప్రమాదంలో ఆ రైల్వే కాలిపోయింది. అయినా ఇవాళ్టికీ ప్రపంచమంతటా నమూనాకారులు దాన్ని చూసి నేర్చుకుంటున్నారంటే ఆయన తీసిపెట్టిన ఫొటోల పుణ్యమే. చిత్రీకరణ ఈ కళకు ఎందుకు ముఖ్యమో అంతకన్నా వేరే సాక్ష్యం అక్కర్లేదు.

కట్ట, కంకర, మసి

బరువు పట్టాల దగ్గర మొదలవుతుంది. అంగట్లో దొరికే హార్న్‌బీ కంపెనీ పట్టాల్లో రెండో రకం వంపు వ్యాసార్ధం 438 మిల్లీమీటర్లు. 76వ వంతు లెక్కన అసలు రైల్వేలో అది 33 మీటర్లు. మెయిన్ లైన్ ఇంజను ఏదీ అంత బిగువైన వంపు తిరగలేదు. 400 మీటర్ల అసలు వంపును కుదించినా ఐదు మీటర్లకు పైగా చోటు కావాలి, ఇంట్లో అది కుదరదు. అందుకని బిగువు వంపుల్ని కొండల వెనక, సొరంగాల్లో దాచేసి, కంటికి కనిపించే చోట మాత్రం పట్టాలను మెల్లగా తిప్పుతారు.

ఇక కంకర. మెత్తటి రాతిపొడిని జల్లించి, చెంచాతో స్లీపర్ల మధ్య పోసి, స్లీపర్ల పైతలం కనిపించేదాకా కుంచెతో సర్దుతారు. తర్వాత గిన్నెలు తోమే సబ్బు ద్రవం ఒక చుక్క కలిపిన నీళ్లు సన్నగా చల్లుతారు. ఆ చుక్క లేకపోతే నీళ్లు ఇంకకుండా ముత్యాల్లా నిలబడి, రాళ్లను పైకి తేల్చేస్తాయి. తడి పూర్తిగా పట్టాక, పలచగా కలిపిన తెల్ల జిగురును డ్రాపర్‌తో చుక్కలు చుక్కలుగా దింపుతారు. తెల్లారేసరికి గట్టిపడుతుంది. పట్టాల పక్కలకు తుప్పు రంగు వేసి, చక్రం ఆనే పైతలాన్ని మాత్రం తుడిచి మెరిసేలా ఉంచుతారు. రోజూ బండ్లు నడిచే దారి అని చెప్పేది ఆ మెరుపే.

ఇంజను ఒంటి మీది మురికికీ ఒక పద్ధతుంది. పొగగొట్టం చుట్టూ, బాయిలర్ పైభాగాన మసి నల్లగా, కాంతి లేకుండా ఉండాలి. బాయిలర్ కడిగే మూతల నుంచి కారిన నీరు ఆరిపోయి తెల్లటి చారలు కట్టాలి. చక్రాల మధ్య ఆడే కడ్డీలకు నూనె జిడ్డు, చక్రాల పక్కన దారి దుమ్ము కనిపించాలి. డ్రైవరు, ఫైర్‌మన్ ఎక్కేటప్పుడు పట్టుకునే కమ్మీలు చేతుల రాపిడికి నున్నబడి మెరవాలి. ఇంజను వెనకుండే బొగ్గుపెట్టె, అంటే టెండర్‌లో నిజమైన బొగ్గునే నలగ్గొట్టి పోస్తారు. ఈ మురికి తోచినట్టు పూసేది కాదు. ఏ ఏడాది, ఏ షెడ్డులో ఉన్న ఇంజనో ఫొటో ముందు పెట్టుకుని, పొర మీద పొరగా పలచగా వేసుకుంటూ పోవాలి. ఇంత చెయ్యకపోతే అది అట్టపెట్టెలోంచి తీసిన వస్తువులాగే ఉంటుంది, పనిచేసి అలిసిన యంత్రంలా ఉండదు.

నడక

రూపం ఎంత కుదిరినా నడక తప్పితే బొమ్మే. గంటకు 60 కిలోమీటర్ల వేగాన్ని 87వ వంతుకు తెస్తే సెకనుకు 19 సెంటీమీటర్లు వస్తుంది. అంటే ఒక మీటరు దాటడానికి ఐదు సెకన్లు పైనే పట్టాలి. చాలామంది నమూనా బండ్లను దీనికి రెండింతలు వేగంగా నడుపుతారు. బరువు భ్రమ అక్కడే చెడిపోతుంది. బండి ఆగిన చోటి నుంచి కదిలేటప్పుడు ఒక్కసారిగా ఉరకకూడదు. అందుకే మోటారుకు ఫ్లైవీల్ జోడిస్తారు. డిజిటల్ కంట్రోల్ వాడేవాళ్లు ఇంజనులోని డీకోడర్‌కు మెల్లగా వేగం పుంజుకోవడం, మెల్లగా ఆగడం నేర్పుతారు. పట్టాల మీద దుమ్ము చేరితే కరెంటు తెగి ఇంజను కుదుపుతుంది. ఒక్క కుదుపు చాలు, మొత్తం షాటు పనికిరాకుండా పోతుంది. అందువల్ల ప్రతి చిత్రీకరణకు ముందూ పట్టాలు తుడవడం తప్పనిసరి.

శబ్దానికీ లెక్కుంది. రెండు సిలిండర్ల ఆవిరి ఇంజను పెద్ద చక్రం ఒక చుట్టు తిరిగితే నాలుగు ‘ఛుక్’లు వినపడాలి. అయిదు వినిపిస్తే ఆవిరి రైళ్లు ఎరిగినవాళ్ల చెవి వెంటనే పట్టేస్తుంది.

కెమెరా కన్ను

నమూనా రైల్వేను పైనుంచి చిత్రీకరిస్తే బల్ల మీది వస్తువే కనిపిస్తుంది. మనిషి కంటి ఎత్తు 87వ వంతులో రెండు సెంటీమీటర్లు మాత్రమే, కెమెరా కన్ను అక్కడికి దిగాలి. ఫోన్‌ను తలకిందులుగా పెడితే లెన్సు దాదాపు పట్టాల మట్టానికి వస్తుంది. ఫోన్‌లోని చిన్న సెన్సారుకు ఇంకో మేలు కూడా ఉంది. దగ్గరి ఇంజనూ దూరపు కొండా రెండూ స్పష్టంగా పడతాయి. పెద్ద కెమెరాతో తీసేటప్పుడు ఎపర్చర్‌ను బాగా మూసి వెలుతురు పెంచుకోవాలి. లేకపోతే ఇంజను ముక్కు ఒక్కటే కనిపించి మిగతాదంతా మసకబారి, ఇది చిన్న వస్తువని తెర చాటేస్తుంది.

సూర్యుడు ఒక్కడే కాబట్టి నీడలన్నీ ఒకే వైపు పడాలి. దూరపు కొండల్ని పలచగా, నీలం కలిపిన రంగుతో వేస్తే మధ్యలో గాలి ఉన్నట్టు అనిపిస్తుంది.

నమూనాకారుడి మాట విననివి రెండు, పొగా నీరూ. పది మీటర్ల ఎత్తు నుంచి పడే నీటికి నేల చేరడానికి 1.4 సెకన్లు పడుతుంది. నమూనాలో ఆ ఎత్తు పదకొండున్నర సెంటీమీటర్లే, నీరు 0.15 సెకనులో పడిపోతుంది. భూమ్యాకర్షణను కుదించడం మన చేతిలో లేదు. కాబట్టి నీటినీ పొగనూ విడిగా, వేగమైన ఫ్రేములతో తీసి, తొమ్మిది రెట్లు నెమ్మదింపజేసి కంప్యూటర్లో కలుపుతారు. లేదా పొగ ఊసే ఎత్తకుండా, ఇంజను నిలిచిన షాటుకే పరిమితమవుతారు. అరకొర పొగ కంటే పొగ లేకపోవడమే నయం.

మన పట్టాల సంగతి

మనవాళ్లకు అదనంగా ఒక చిక్కుంది. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు, 87వ వంతులో 19.3 రావాలి. బజారులో దొరికే పట్టాలు 16.5 మిల్లీమీటర్లవి. అవి విదేశాల్లో వాడే 1435 మిల్లీమీటర్ల గేజ్‌కు సరిపోయేవి. వాటి మీద మన బ్రాడ్‌గేజ్ ఆవిరి ఇంజను డబ్ల్యూపీని నిలబెడితే కాళ్లు దగ్గరికి లాగినట్టుంటుంది. ఇలాంటి తేడా బ్రిటన్‌లోనూ ఉంది. అక్కడ 76వ వంతు బండ్లను అదే 16.5 పట్టాల మీద నడుపుతారు. రావలసినది 18.83. ఆ రెండు మిల్లీమీటర్ల చిల్లర కోసం స్లీపరు స్లీపరునూ చేత్తో అమర్చుకునే సంప్రదాయమే అక్కడ పుట్టింది. మనకూ ఆ దారి తెరిచే ఉంది.

దేనిని వదిలెయ్యాలో తెలియడం కూడా ఇందులో భాగమే. 1900లో మొదలై 1997 దాకా బండ్లు మోసిన రాజమండ్రి హేవలాక్ వంతెనకు 56 స్పాన్లు. 87వ వంతులో కట్టినా ముప్ఫై మీటర్లు దాటుతుంది. నాలుగు స్పాన్లు కొలత తప్పకుండా కట్టి, మిగతాది గోదావరి పొగమంచులో కలిపేస్తే చాలు, చూసేవాళ్లకు ఆ వంతెనే అని తెలుస్తుంది. పుణెలోని జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియం చూసినవాళ్లకు మన దేశంలోనూ ఈ ఓపిక ఉందని అర్థమవుతుంది.

చిత్తరంజన్ కర్మాగారం నుంచి చివరి ఆవిరి ఇంజను 1972లో బయటికొచ్చింది. 1995లో బ్రాడ్‌గేజ్ మీద ఆవిరి ఇంజన్ల రోజువారీ నడక ముగిసింది. మ్యూజియంలో నిలబెట్టిన ఇంజను తళతళలాడే రంగుతో ఉంటుంది. అది ఎలా పనిచేసిందో, ఒంటి మీద ఎక్కడ మసి చేరేదో, నీళ్లు పట్టేటప్పుడు చుట్టూ నేల ఎలా చిత్తడయ్యేదో అది చెప్పదు. నమూనాకారుడు మాత్రం అదంతా తెలుసుకుంటే గాని పని మొదలుపెట్టలేడు. ఈ కళ విలువ అక్కడే ఉంది. పోయినదాన్ని పని చేస్తున్న స్థితిలో గుర్తుపెట్టుకోవడానికి ఇంతకు మించిన సాధనం లేదు.

బిట్రగుంట, కాజీపేట, గుంతకల్లు, బెజవాడ షెడ్లలో బొగ్గు వేసి, నూనె పోసి, బాయిలర్లు కడిగిన మనుషులు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్లలో చాలామంది డెబ్బై దాటారు. మీ ఇంట్లోనో మీ వీధిలోనో అలాంటి పెద్దాయన ఉంటే ఈ వారమే వెళ్లి పక్కన కూర్చోండి. పాత ఫొటో ఒకటి ముందు పెట్టి, ఏ రంగు ఎక్కడ ఉండేదో అడిగి రాసుకోండి. నమూనా తర్వాతైనా కట్టుకోవచ్చు, ఆ మాటలు మాత్రం ఇప్పుడే దొరుకుతాయి.