హౌసింగ్ మూలుగు విన్నవాళ్లు

పాత బొలెరో వెనక ఇరుసు చాలాసార్లు విరిగే ముందు మూలుగుతుంది. విజయవాడ ఆటోనగర్‌లో ఆ మూలుగు పోల్చుకోగల మెకానిక్కులంటే నాకు ఎనలేని గౌరవం. యాక్సిలరేటర్ నొక్కితే పెరిగి, వదిలితే మారే రొద వింటే వాళ్ల చూపు ఇరుసులోని క్రౌన్ పినియన్ గేర్ల మీదికి పోతుంది. మలుపులో బరువు పడ్డ వైపు హోరు పెరిగితే చక్రం బేరింగును అనుమానిస్తారు.

ఇరుసు ఆయిల్ మార్చడంలోనూ ఎంత ఒడుపు! కింది డ్రెయిన్ బోల్టు కంటే ముందు పై బోల్టు విప్పుతారు. అది బిగుసుకుపోయి ఉంటే, ఖాళీ చేసిన ఇరుసు హౌసింగ్‌లో మళ్లీ ఆయిల్ పోసే దారే ఉండదు మరి. పాత ఆయిల్‌ను వేళ్ల మధ్య రుద్ది చూస్తారు. బూడిదరంగు మెత్తటి పొడి మామూలు అరుగుదల. గోటికి ఉక్కు ముక్క తగిలిందా, గేరు పళ్లు పోతున్నట్టే. పాలరంగు తేలితే నీళ్లు చేరాయన్నమాట. వరదనీటిలో నడిచిన బండికి ఇది చూసి తీరాలి.

ఇక బ్రీదర్, అంటే హౌసింగ్‌కు గాలి ఆడే మూత. వేలెడంత లేని ఆ మూత మట్టితో పూడుకుంటే, వేడికి లోపలి గాలి వ్యాకోచించి సీళ్ల గుండా ఆయిల్‌ను బయటికి నెడుతుంది. సీలొక్కటే మార్చి పంపేవాళ్లూ ఉన్నారు. పని తెలిసిన మెకానిక్ ముందు బ్రీదర్ శుభ్రం చేస్తాడు, తర్వాతే సీలు. చివరికి బండిని సమంగా నిలిపి, మాన్యువల్‌లో చెప్పిన గేరాయిల్‌ను పై రంధ్రం అంచు దాకా నింపుతాడు.